ఓటుకూ ఓటుకూ మధ్య: అలగానిపాడు కూలిసంఘం, నెల్లూరు సారావ్యతిరేకోద్యమం – ప్రజాప్రతినిధుల జవాబుదారీతనం

వ్యాససంగ్రహం:
ప్రజాప్రతినిధి ప్రజలకు జవాబుదారీగా ఉండాలన్నది అందరూ అంగీకరించే సూత్రం. ఆ జవాబును ఎవరు, ఎక్కడ, ఏ బలంతో అడగగలిగారన్నది మాత్రం చరిత్ర తేల్చవలసిన ప్రశ్న. నెల్లూరు జిల్లాలో సుమారు అరవై ఏళ్ల ఎడంతో జరిగిన రెండు ప్రజాకార్యాచరణలను ఈ వ్యాసం పక్కపక్కన ఉంచి పరిశీలిస్తుంది. మొదటిది 1930లలో విడవలూరు ప్రాంతంలోని అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య చేపట్టిన వ్యవసాయకూలీల సమీకరణ. రెండవది 1990ల తొలినాళ్లలో జిల్లా మహిళలు నడిపిన సారావ్యతిరేకోద్యమం. ఓటు లేనివారికి సంఘం ఎందుకు అవసరమైంది, ఓటు ఉన్నవారికి కూడా అది ఎందుకు తప్పలేదు, సాధించిన ఫలితం ఎందుకు నిలవలేదు అన్న మూడు అంశాలను వివరించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: విడవలూరు, అలగానిపాడు, సుందరయ్య, దూబగుంట, సారావ్యతిరేకోద్యమం, జవాబుదారీతనం, గ్రామసభ.

1. ఉపోద్ఘాతం:
పెన్నానది బంగాళాఖాతంలో కలిసే చోటికి ఉత్తరంగా ఉన్న తీరమండలం విడవలూరు. నేటి శాసనసభావిభాగాల ప్రకారం ఇది కోవూరు నియోజకవర్గంలో భాగం. తూర్పున రామతీర్థం, ఊటుకూరు వైపు ఇసుకనేలలు, మత్స్యకారుల పల్లెలు. పడమట కాలువల కింద వరిపొలాలు. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో పెన్నపై నెల్లూరు, సంగం ఆనకట్టలు నిర్మితమైన తరువాత ఈ డెల్టాలో వరిసాగు స్థిరపడింది. నీరు పారిన భూమికి విలువ పెరిగింది. ఆ భూమిలో నాట్లు వేసి, కోతలు కోసిన పాలేర్ల, కూలీల బతుకుకు అదే నిష్పత్తిలో విలువ పెరగలేదు. రాజకీయచైతన్యం గురించిన చర్చ ఇక్కడ ఈ అంతరం నుంచే మొదలుకావాలి.

రాజకీయచరిత్ర రచనలో ఎన్నికలు, మంత్రివర్గాలు, నాయకుల జీవితాలు ప్రధానస్థానం పొందుతాయి. ఒక ఎన్నికకూ మరొక ఎన్నికకూ మధ్యకాలంలో ఊళ్లలో జరిగే పనికి అంత చోటు దక్కదు. ఈ వ్యాసం ఆ మధ్యకాలాన్నే కేంద్రంగా తీసుకుంటుంది.

2. జవాబుదారీ – నిలదీత:
‘జవాబుదారీ’ అన్న పదంలో ‘జవాబు’ అరబీమూలం, ‘దారీ’ పారశీకప్రత్యయం. జమీందారు, తహశీల్దారు, ఇజారాదారు వంటి పదాలతో పాటు ఇదీ దివాణాల, కచేరీల వ్యవహారానికి చెందిన మాట. ఆ వ్యవహారంలో కిందివాడు పైవాడికి లెక్క చెప్పాలి. కరణం సర్కారుకు, సర్కారు ఉద్యోగి తన పైఅధికారికి జవాబు చెప్పుకోవాలి. అంటే జవాబు ఎప్పుడూ కింది నుంచి పైకే నడిచింది.

పల్లె వాడుకలో దీనికి ఎదురుగా నిలిచే అచ్చతెలుగు మాట ‘నిలదీయడం’. దారిన పోయేవాణ్ని ఆపి, ఎదుట నిలబెట్టి అడగడం దీని భావం. జవాబుదారీతనం ఒక పదవికి అంటిన బాధ్యత. నిలదీత అడిగేవారి చేతిలోని క్రియ. అడిగేవారు లేనిచోట మొదటిది కాగితం మీద మాత్రమే ఉంటుంది. నెల్లూరు జిల్లా అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భేదం ఉపకరిస్తుంది.

3. అలగానిపాడు – ఓటు లేని కాలం:
పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న అలగానిపాడులో భూవసతి గల కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులసూచకాన్ని ఆయన తరువాత వదులుకున్నారు. మద్రాసు లయోలా కళాశాలలో చదువుతూ 1930లో శాసనోల్లంఘనోద్యమంలో పాల్గొని నిర్బంధానికి గురయ్యారు. అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు ఉద్యమం వైపు మళ్లారు. స్వగ్రామానికి వచ్చి పాలేర్లను, వ్యవసాయకూలీలను కూడగట్టారు. వెట్టిని, అంటరానితనాన్ని ఎదిరించారు. ‘విప్లవపథంలో నా పయనం’ పేరుతో వెలువడిన ఆయన ఆత్మకథ ఈ తొలిదశను తెలుసుకోవడానికి ముఖ్యాధారం.

ఈ పని జరిగిన కాలంలో ఆ కూలీలలో అత్యధికులకు ఓటు లేదు. 1935 భారతప్రభుత్వచట్టం ఓటుహక్కును ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలతో ముడిపెట్టింది. ఆ చట్టం కింద 1937లో మద్రాసు రాష్ట్రంలో ఎన్నికలు జరిగి రాజాజీ నాయకత్వాన మంత్రివర్గం ఏర్పడింది. పన్ను కట్టే రైతు అందులో తన ప్రతినిధిని చూసుకోగలిగాడు. రైతుల పక్షాన మాట్లాడే పత్రికలూ ఉన్నాయి. నెల్లూరు వెంకట్రామానాయుడు స్థాపించిన ‘జమీన్ రైతు’ వారపత్రిక అందుకు ప్రసిద్ధోదాహరణ. సెంటుభూమి లేని పాలేరుకు మాత్రం శాసనసభలో ప్రతినిధి లేడు. ఉన్న ప్రతినిధికి ఆ పాలేరు ఓటరు కాడు కనుక, అతనికి సమాధానం చెప్పవలసిన అవసరమూ లేదు.

ఈ స్థితిలో కూలిసంఘం కూలి పెంపు కోసం ఏర్పడిన బృందం మాత్రమే కాదు. ఓటరుజాబితాలో పేరు లేనివారు తమ మాట వినిపించుకోవడానికి ఏర్పరచుకున్న ప్రత్యామ్నాయవేదిక అది. ఒంటరిగా అడిగితే ఆసామి పని మాన్పించగలడు. అందరూ కలిసి అడిగితే పొలంలో పని ఆగుతుంది. ఆ కాలపు కూలీకి అందుబాటులో ఉన్న నిలదీత ఇదే. అడిగించినవాడు అదే ఊరి భూస్వామ్యకుటుంబానికి చెందినవాడు కావడం ఈ ఘట్టంలో గమనించదగిన వైరుధ్యం. సంఘం నిలిచేది నాయకుని ఔదార్యం మీదనా, సభ్యుల ఐకమత్యం మీదనా అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది.

4. ప్రతినిధిగా సుందరయ్య – సభకు లోపలా వెలుపలా:
వయోజన ఓటుహక్కు వచ్చిన తరువాత సుందరయ్య తానే ప్రతినిధి అయ్యారు. 1952లో రాజ్యసభకు ఎన్నికై అక్కడ కమ్యూనిస్టుపక్షానికి నాయకత్వం వహించారు. 1955లో కృష్ణాజిల్లా గన్నవరం నుంచి ఆంధ్ర శాసనసభకు ఎన్నికై ప్రతిపక్షనేతగా పనిచేశారు. 1978లో తిరిగి అదే స్థానం నుంచి గెలిచారు. పార్లమెంటుకు సైకిలుపై వెళ్లిన సభ్యునిగా ఆయన నేటికీ జనస్మృతిలో ఉన్నారు.

ఈ సైకిలుకథను నిరాడంబరతకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి. అయితే వ్యక్తిగతశీలం జవాబుదారీతనానికి అలంకారమే గాని ఆధారం కాదు. ఒక ప్రతినిధి నిరాడంబరుడైనా, కాకపోయినా ప్రజలు అతణ్ని అడగగలగాలి. 1955 ఎన్నికల ఫలితం ఈ విషయాన్ని మరొక వైపు నుంచి చూపుతుంది. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో దక్కినవి 15 మాత్రమే. ఓట్లు వేసినవారి సంఖ్యకూ సభలో వినిపించే గొంతుల సంఖ్యకూ మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు, సభ వెలుపలి సంఘమే ఆ ఎడాన్ని పూరించాలి. అలగానిపాడులో ఓటు లేనివారికి అవసరమైన సంఘం, ఓటు వచ్చిన తరువాత కూడా అనవసరం కాలేదు.

5. సారావ్యతిరేకోద్యమం – ఓటున్నా వినని కాలం:
మద్యం ఆంధ్రరాజకీయాలకు కొత్త సమస్య కాదు. మద్యనిషేధవిధానంపై తలెత్తిన అవిశ్వాసతీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గగా 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది. ఆ చర్చ శాసనసభ్యుల మధ్య జరిగింది. మూడున్నర దశాబ్దాల తరువాత అదే ప్రశ్న నెల్లూరు జిల్లాలో మహిళల చదువుబడి నుంచి లేచింది.

1990 తరువాత జిల్లాలో ‘అక్షరదీపం’ పేరిట సాక్షరతాకార్యక్రమం సాగింది. జనవిజ్ఞానవేదిక వంటి సంస్థల కార్యకర్తలు, స్వచ్ఛందబోధకులు, కళాజాతల కళాకారులు ఊరూరా తిరిగారు. పగలంతా కూలికి వెళ్లివచ్చిన స్త్రీలు రాత్రి దీపం కింద కూర్చున్నారు. తాగుడు వల్ల చితికిన సంసారాన్ని చెప్పే ‘సీతమ్మ కథ’ వాచకంలో పాఠమైంది. పాఠం చదివినవారు అది తమ ఇంటి కథేనని గుర్తించారు. కలిగిరి మండలం దూబగుంట మహిళలు తమ ఊరి సారాదుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు ఈ ఉద్యమానికి పర్యాయపదమైంది. ఆ ఊరి అనుభవం మళ్లీ వాచకంలోకి ఎక్కి ఇతర గ్రామాలకు చేరింది. అక్షరం వార్తను మోయడం, వార్త కార్యాచరణను పుట్టించడం ఈ ఉద్యమంలోని విశిష్టక్రమం.

వారు ఎదుర్కొన్న వ్యవస్థ బలమైనది. ప్రభుత్వం సారా అమ్మకపు హక్కును వేలం వేసేది. హక్కు పాడుకున్న కాంట్రాక్టరు ఊరూరా దుకాణాలు నడిపేవాడు. 1980లలో ‘వారుణివాహిని’ పేరుతో సారా ప్యాకెట్లలో సరఫరా కావడంతో అది గడపదాకా వచ్చింది. ఖజానాకు ఆదాయం, కాంట్రాక్టరుకు లాభం, పార్టీలకు ఎన్నికల ఖర్చు ఈ దారిలోనే సమకూరేవన్న ఆరోపణ ఉద్యమకాలమంతటా వినిపించింది. ఈ వలయంలో కూలిస్త్రీకి ఓటు ఉన్నా, ఆమె ఓటు కన్నా ఆమె భర్త కొనే ప్యాకెట్టు విలువైనదైంది. 1990 డిసెంబరు నుంచి 1992 అక్టోబరు దాకా ముఖ్యమంత్రిగా ఉన్న నేదురుమల్లి జనార్దనరెడ్డి ఈ జిల్లావారే. ముఖ్యమంత్రి సొంతజిల్లాలోనే మహిళలు వీధికెక్కవలసిరావడం, ప్రాతినిధ్యం దగ్గరగా ఉన్నంతమాత్రాన జవాబు దగ్గరకు రాదని తెలుపుతుంది.

1992లో ఉద్యమం ఊరిదుకాణం నుంచి వేలంపాటల వద్దకు నడిచింది. మహిళలు నెల్లూరుకు తరలివచ్చి అడ్డుకోవడంతో సారాపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. తెలుగులో ‘పాట’ అన్న మాటకు గానమనీ, వేలమనీ రెండర్థాలున్నాయి. కళాజాత పాట సారాపాటను ఆపిందని చెప్పడం ఇక్కడ చమత్కారం కాదు, జరిగిన క్రమం. దుకాణం మూయించినప్పుడు వారు వ్యాపారిని నిలదీశారు. వేలాన్ని ఆపినప్పుడు ప్రభుత్వాన్నే నిలదీశారు.

6. వాగ్దానం – దాని ఆయుర్దాయం:
1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1994 ఎన్నికల్లో ఎన్.టి.రామారావు సంపూర్ణమద్యనిషేధాన్ని ప్రధానవాగ్దానం చేసి ఘనవిజయం సాధించారు. 1995 జనవరిలో నిషేధం అమల్లోకి వచ్చింది. ప్యాకెట్టుసారాను ప్రవేశపెట్టిన పార్టీయే నిషేధాన్ని నెత్తికెత్తుకోవలసిరావడం ఉద్యమవిజయం. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. రెండేళ్లు దాటగానే వాగ్దానం ఆయువు తీరింది.

2019 ఎన్నికల్లో దశలవారీ మద్యనిషేధం మరొక పార్టీ వాగ్దానంగా తిరిగి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి ప్రభుత్వమే చిల్లరదుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి. పార్టీలు మారినా వాగ్దానం నడిచిన దారి మారలేదు.

దీనికి నాయకుల మాటతప్పడాన్ని మాత్రమే కారణంగా చూపడం అసంపూర్ణవివరణ అవుతుంది. 1992లో వేలాన్ని ఆపిన మహిళలకు ఆ తరువాత ఆ అధికారం ఏ చట్టంలోనూ స్థిరపడలేదు. సారాపై జిల్లానిషేధం వచ్చిన తొమ్మిది రోజులకు, 1993 ఏప్రిల్ 24న, 73వ రాజ్యాంగసవరణ అమల్లోకి వచ్చింది. గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం దక్కింది. కాని దాని అధికారాలేమిటో నిర్ణయించే పని రాష్ట్రశాసనసభలకే మిగిలింది. 1996 నాటి పెసా చట్టం మత్తుపదార్థాల నిషేధం, నియంత్రణ విషయంలో గ్రామసభకూ పంచాయతీకీ అధికారం గుర్తించినా, అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితం. దూబగుంటకు గాని, విడవలూరుకు గాని అది వర్తించదు.

మరొక వైపు 1985 నాటి ఫిరాయింపుల నిరోధకచట్టం ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించిన సభ్యుడు పదవి కోల్పోవచ్చు. ఓటర్లకిచ్చిన మాటను ధిక్కరించిన సభ్యుణ్ని గడువులోపల వెనక్కి పిలిచే ఏర్పాటు పార్లమెంటుకూ శాసనసభలకూ లేదు. కచేరీల కాలంలో వలెనే నేటికీ జవాబు పైకే నడుస్తున్నదనడానికి ఇది నిదర్శనం.

7. రెండు ఘట్టాల తులన:
అలగానిపాడు నుంచి దూబగుంటకు నేరుగా వారసత్వరేఖ గీయడం సరికాదు. ఒకటి కాలువనీటి డెల్టాగ్రామం, మరొకటి వానపై ఆధారపడిన మెట్టగ్రామం. ఒకచోట పురుషనాయకత్వాన కూలిసంఘం, మరొకచోట స్త్రీల చదువుబడి. ఒకచోట పార్టీసిద్ధాంతం ముందు నడిచింది, మరొకచోట పార్టీలు ఉద్యమాన్ని అనుసరించాయి. అయినా రెండింటిలో ఒక సామాన్యలక్షణం ఉంది. కష్టాన్ని ఇంటిలో దాచుకున్న వ్యక్తి దాన్ని నలుగురిలో చెప్పగలిగిన చోటు రెండు ఘట్టాలకూ మూలం. అది కూలిసంఘపు సమావేశం కావచ్చు, రాత్రిబడి కావచ్చు. ఆ చోటు ఉన్నంతకాలం నిలదీత సాగింది. సాక్షరతాకేంద్రాలు సన్నగిల్లిన తరువాత 1997 నాటి సడలింపును 1992 నాటి వేలం వలె ఆపగలిగిన బలం కనబడలేదు.

ఈ ఉద్యమాలను ఒక్క పేరుతో, ఒక్క ఊరితో గుర్తుంచుకోవడం వల్ల ఈ మూలం మరుగున పడుతుంది. సుందరయ్య, రోశమ్మ చిరస్మరణీయులే. అయితే వారి వెనుక రాత్రిపూట గుమిగూడిన పేరులేని కూలీల చరిత్రను గ్రామస్థాయి మౌఖికాధారాలతో సేకరించే పని తెలుగుపరిశోధకుల ముందున్నది.

8. ముగింపు:
1930లలో విడవలూరు ప్రాంతపు కూలీకి ఓటు లేదు. అతనికి సంఘం కావలసివచ్చింది. 1990లలో నెల్లూరు స్త్రీకి ఓటు ఉంది. ఆమెకూ సంఘం కావలసివచ్చింది. ఓటు ప్రతినిధిని ఎన్నుకుంటుంది, సంఘటితవేదిక అతణ్ని గుర్తుచేసుకునేలా చేస్తుంది. వాగ్దానం ఓటుతో సాధ్యమైంది, దాని రక్షణ మాత్రం వేదికకు మిగిలింది. ఆ వేదికకు చట్టబలం లేకపోవడం వల్లనే స్త్రీలు గెలిచిన నిషేధం వారి ప్రమేయం లేకుండానే పోయింది. జవాబుదారీతనం పై నుంచి కిందికి ప్రవహించాలంటే, ఎన్నికల మధ్యకాలంలో గ్రామసభ అడిగే చోటుగా, అడిగినదానికి విలువ ఉన్న చోటుగా మారాలి. నెల్లూరు జిల్లా చరిత్ర ఇస్తున్న పాఠం ఇదే.