లుముంబా హత్య – మఖ్దూం సాహెబ్ నిరసన

మన జగ్గయ్యపేటకు పడమటి పొరుగు హుజూర్‌నగర్. 1952 ఉప ఎన్నికలో ఆ ఓటర్లు హైదరాబాదు శాసనసభకు ఒక ఉర్దూ కవిని పంపారు. ఆయనే మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969), కమ్యూనిస్టు నాయకుడు. ఉర్దూ తరగతిలో మేం ఆయన ప్రేమ కవితలు చెప్పి ఊరుకుంటున్నాం. తప్పు మాదే.

1960 జూన్ 30న కాంగో బెల్జియం చెర నుండి బయటపడింది. అది రాగి, కోబాల్టు, యురేనియం గనుల దేశం. హిరోషిమా బాంబులోని యురేనియం చాలావరకు అక్కడిదే. ప్రధాని లుముంబా సోవియట్ సాయం తీసుకునేసరికి అమెరికాకు కన్నెర్ర అయింది. 1961 జనవరి 17న కటంగాలో ఆయనను కాల్చి చంపారు. శవాన్ని ఆమ్లంలో కరిగించారు. యా అల్లాహ్, ఏం మనుషులు!

మఖ్దూం సాహెబ్ ‘చుప్ న రహో’ అనే కవిత రాశారు. మౌనంగా ఉండవద్దని దాని అర్థం. కమ్యూనిస్టు గనుక అమెరికా పక్షాన్ని తిట్టిపోస్తాడులే అని కొట్టిపారేసేవారు ఎప్పుడూ ఉంటారు. అయితే 1975లో అమెరికా సెనేటు వారి చర్చ్ కమిటీయే బయటపెట్టింది: లుముంబాను చంపటానికి సి.ఐ.ఏ. కాంగోకు విషం పంపిందని. ఆ విషం వాడలేదు. కాల్చింది కటంగా వాళ్లు, దగ్గరుండి చూసింది బెల్జియం అధికారులు. ఇదీ చెప్పాలి, సగం నిజం చెప్పకూడదు గదా.

ఈ నివేదిక చూడటానికి మఖ్దూం సాహెబ్ లేరు. 2002లో బెల్జియం క్షమాపణ చెప్పింది. 2022లో లుముంబా పన్ను ఒక్కటి ఆయన కుటుంబానికి తిరిగి ఇచ్చింది.