కొండపల్లి బొమ్మకు జీఐ గుర్తింపు ఉంది.. మరి తయారుచేసే మీకు?

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. మచిలీపట్నం పక్కన పెడనలో, కరక్కాయ నీళ్లలో నానబెట్టిన బట్టపై చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతారు. ఈ రెండింటికీ భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ ఉంది. అయితే ఊరి కళకు వచ్చిన గుర్తింపు మీ ఇంటికి ఆదాయంగా మారాలంటే మీ పేరు మీద కొన్ని నమోదులు ఉండాలి. అవేమిటో చూద్దాం.

జీఐ ట్యాగ్ ఉంటే అందరికీ హక్కు వచ్చినట్టేనా?

రాదు. జీఐ చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం ఉత్పత్తిదారులు ఎవరికి వారే చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో 'అధీకృత వినియోగదారు'గా నమోదు కావాలి. స్క్రీన్ ప్రింట్ బట్టను కలంకారీ పేరుతో అమ్మేవారిపై చట్టపరంగా పోరాడాలన్నా ఈ నమోదే బలం. దీన్ని పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

బొమ్మల తయారీదారులకు ఇది ఎందుకంత ముఖ్యం?

2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. ఇంట్లో ఉలి పట్టుకుని పనిచేసే కళాకారుడికి ఆ పరీక్షల ఖర్చు భరించడం కష్టం. అందుకే కేంద్రం రెండు వర్గాలకు మినహాయింపు ఇచ్చింది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు, జీఐ అధీకృత వినియోగదారులు తాము చేసి అమ్మే బొమ్మలకు ఆ మార్కు అక్కర్లేదు. కొండపల్లిలో పుట్టి పెరిగినంత మాత్రాన ఈ మినహాయింపు రాదు.

పెహచాన్ కార్డు అంటే?

హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం కళాకారులకు ఇచ్చే గుర్తింపు కార్డు ఇది. ఆధార్‌తో అనుసంధానమై ఉంటుంది. కేంద్ర జౌళి శాఖ నిర్వహించే హస్తకళల ప్రదర్శనల్లో స్టాల్ కోసం దరఖాస్తు చేసుకోవాలంటే ఇది ఉండాలి. దళారీ లేకుండా కొనుగోలుదారును నేరుగా కలిసే అవకాశం అక్కడే దొరుకుతుంది.

విశ్వకర్మ పథకంలో ఏమిస్తారు?

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. సంప్రదాయ బొమ్మల తయారీతో పాటు బుట్టలు, చాపలు, చేపల వలలు అల్లేవారికీ చోటుంది.

* శిక్షణ కాలంలో రోజుకు రూ.500
* పనిముట్లకు రూ.15,000 ఈ-వోచర్
* పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి తొలుత రూ.లక్ష, అది తీర్చాక రూ.2 లక్షల వరకు రుణం

18 ఏళ్లు నిండాలి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలు అర్హులు కారు. ఆధార్, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు, ఫోన్‌తో కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. పంచాయతీ లేదా పురపాలక సంస్థ, ఆపై జిల్లా, చివరగా స్క్రీనింగ్ కమిటీ పరిశీలిస్తాయి.

మరి కలంకారీ అద్దకందారులు?

ఆ 18 వృత్తుల్లో అద్దకం లేదు. పెడన కళాకారులు పెహచాన్ కార్డు, జీఐ నమోదుతో పాటు పెట్టుబడికి ముద్ర రుణాన్ని పరిశీలించవచ్చు. శిశు విభాగంలో రూ.50 వేల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు.

ఇవన్నీ ఉంటే సరిపోతుందా?

సరిపోదు. బొమ్మకు పొణికి కర్ర కావాలి. అది అడవి నుంచి రావాలి. కొట్టినంత వేగంగా చెట్టు పెరగదు. చెట్ల పెంపకం సాగకపోతే రుణం ఉన్నా పని ఉండదు. అందుకే దరఖాస్తులతో పాటు, మొక్కలు నాటించాలన్న డిమాండ్‌నూ సంఘంగా అధికారుల ముందుంచండి.

మీరు కొనుగోలుదారులైతే, రాష్ట్ర హస్తకళల సంస్థ నడిపే లేపాక్షి షోరూమ్‌లో గానీ, నేరుగా కళాకారుల వద్ద గానీ కొనండి. అమ్మేవారి జీఐ నమోదు గురించి అడగండి. ఆ ప్రశ్న పదిమంది అడిగితే నకిలీ సరుకు అమ్మడం కష్టమవుతుంది.