నగరం కట్టినవాళ్లే నాగరికులా?

మా హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్ నడుస్తోంది. ఆరో తరగతి పిల్ల ఒకతె సాంఘికశాస్త్రం పుస్తకం పట్టుకుని మా దగ్గరకు వచ్చింది. "మేడం, నగరాలు, లిపి, పెద్ద కట్టడాలు ఉంటేనే నాగరికత అని ఇక్కడుంది. మా గూడెంలో అవేవీ లేవు. అయితే మేం అనాగరికులమా?" అని అడిగింది. అప్పటికి ఏదో సర్దిచెప్పి పంపాం గానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఈ సంచిక చదివే మన యువతలో చాలామంది ఇదే ప్రశ్నను లోపల మోస్తూ ఉంటారు. అందుకే ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాం.

ముందు మాట సంగతి చూద్దాం. నాగరికత అనే మాట 'నగరం' నుంచి వచ్చింది. ఇంగ్లీషులోని 'సివిలైజేషన్' కూడా పౌరుడు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిందే. చరిత్రకారులు ఈ మాటను ఒక రకమైన జీవన విధానానికి పేరుగా వాడతారు. బజారులో మాత్రం అది మెప్పుగానో తిట్టుగానో మారిపోయింది. ఈ రెండు వాడుకలనూ కలిపేయడం వల్లే ఆ పిల్లకు బాధ కలిగింది.

ఇక ఆ జీవన విధానం ఎలా వచ్చిందో చూద్దాం. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య మెసొపొటేమియా, నైలు ఒడ్డున ఈజిప్టు, సింధు లోయలో హరప్పా, చైనాలో హ్వాంగ్‌హో లోయ తొలి నాగరికతలకు నిలయాలు. వరద తెచ్చిన ఒండ్రు మట్టిలో పంట బాగా పండేది. తినగా గింజలు మిగిలేవి. అసలు కీలకం ఆ మిగులులోనే ఉంది. అందరూ పొలంలో దిగాల్సిన పని లేకపోవడంతో కొందరు కుమ్మరులు, కంచర్లు, తాపీ పనివాళ్లు, పూజారులు, పాలకులు అయ్యారు. మిగులును దాచడానికి గిడ్డంగులు, పంచడానికి అధికారులు, లెక్క రాయడానికి లిపి అవసరమయ్యాయి. మెసొపొటేమియాలోని ఉరుక్ నగరంలో దొరికిన, సుమారు క్రీ.పూ. 3300 నాటి తొలి మట్టి పలకల్లో ఎక్కువ భాగం ధాన్యం, పశువులు, కూలి వంటి వాటి లెక్కలే.

1950లో గోర్డన్ చైల్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఇలాంటి తొలి నగరాలకు పది లక్షణాలు చెప్పాడు. పెద్ద జనావాసాలు, పూర్తికాలపు వృత్తులు, పన్నుగా వసూలయ్యే మిగులు, భారీ కట్టడాలు, పాలకవర్గం, లిపి, గణిత ఖగోళ శాస్త్రాలు, కళ, దూరదేశ వాణిజ్యం, రక్తసంబంధాన్ని కాక నివాసాన్ని బట్టి నడిచే రాజ్యం. పరీక్షకు ఇవి గుర్తుంచుకోవాలి. అయితే ఇవి అన్నిచోట్లా ఒకేలా కనిపించవు.

మన ఉపఖండంలోని హరప్పానే చూడండి. 1921లో హరప్పాలో దయారాం సహానీ, 1922లో మొహెంజొదారోలో ఆర్.డి. బెనర్జీ తవ్వకాలు మొదలుపెట్టారు. 1924లో జాన్ మార్షల్ ఈ నాగరికత సంగతి ప్రపంచానికి చాటాడు. క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు దాని నగరాలు వెలిగాయి. ఎత్తు, వెడల్పు, పొడవు 1:2:4 పాళ్లలో ఉండే ఇటుకలు, వీధి పక్కన మూతలున్న మురుగు కాలువలు, సుమారు 12 మీటర్ల పొడవున్న మహాస్నానవాటిక అక్కడ ఉన్నాయి. చిన్న తూకపు రాళ్లు 1, 2, 4, 8, 16 అని రెట్టింపవుతూ పోతాయి. మన అవ్వలు రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని కొలిచేదీ రెట్టింపు లెక్కే. ఆ కాలం నుంచి వచ్చిందని మేం అనడం లేదు. లెక్క తెలివి నగరంవాళ్లకే సొంతం కాదని మాత్రమే చెబుతున్నాం.

ఇంత ఉన్నా, ఇది రాజభవనమే, ఇది రాజుగారి సమాధే అని ఖాయంగా చెప్పగలిగింది హరప్పా నగరాల్లో ఇంతవరకు దొరకలేదు. ఈజిప్టులో ఒక్క రాజు సమాధి కోసం 146 మీటర్ల పిరమిడ్ లేచింది. రెండింటినీ నాగరికతలనే అంటాం. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సుమారు క్రీ.పూ. 1750 నాటి హమ్మురాబి శాసనంలో ఒకే దెబ్బకు స్వతంత్రుడికి ఒక లెక్క, బానిసకు ఇంకో లెక్క. అంటే నగరం కట్టినంత మాత్రాన న్యాయం కట్టినట్టు కాదు.

ఈ నగరాలు ఒంటరిగా కూడా బతకలేదు. మెసొపొటేమియా మైదానంలో మంచి కలప, రాయి, లోహం లేవు. దేవదారు దుంగలు పడమటి కొండల నుంచి రావాలి. హరప్పాకు రాగి ఆరావళి వైపు నుంచి, ఎర్రని పూసల రాయి గుజరాత్ నుంచి, నీలిరాయి ఆఫ్ఘనిస్తాన్ కొండల నుంచి వచ్చేవి. గుజరాత్ ప్రాంతంలో వేట, సేకరణతో బతికినవారికీ హరప్పా వాళ్లకూ ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండేవని భావించిన పండితులూ ఉన్నారు. నేడు మన అడవి నుంచి చింతపండు, తునికాకు, తేనె సంతకు దిగుతున్నాయి కదా. పట్నం వెనుక కొండ ఉండటం కొత్త సంగతేమీ కాదు.

క్రీ.పూ. 1900 తర్వాత వానలు తగ్గడం, నదులు దారి మారడం వంటి కారణాలతో హరప్పా నగరాలు ఖాళీ అవుతూ వచ్చాయి. జనం చిన్న చిన్న పల్లెలకు మళ్లారు. నగరం వదిలారు కాబట్టి ఆ మనుషులు ఒక్కరోజులో అనాగరికులైపోయారా? సాగు, చేతిపనులు వాళ్లతోనే నడిచి వెళ్లాయి. పోయింది లిపి. సుమారు 400 గుర్తులున్న ఆ రాతను అందరూ ఒప్పుకునేలా చదివినవారు నేటికీ లేరు. ముద్రలు మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చదివి వినిపించే అవ్వ లేదు.

మన సంగతి దానికి తిరగేసినట్టుగా ఉంది. వాగుల పేర్లు, విత్తనాల పేర్లు, మందు ఆకుల గుణాలు చెప్పే అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. రాసిపెట్టింది తక్కువ. సెలవులకు ఇంటికి వెళ్లే పిల్లలకు మేం ఇప్పుడు ఒక నోటుబుక్కు ఇచ్చి పంపుతున్నాం. పెద్దవాళ్లు చెప్పింది మన భాషలోనే, తెలుగు అక్షరాలతోనైనా రాసుకు రమ్మంటున్నాం. మీరూ మీ ఊళ్లో ఆ పని మొదలుపెట్టండి.

ఆ పిల్లకు ఈ మధ్య జవాబు చెప్పాం. "పరీక్షలో నాగరికత లక్షణాలన్నీ రాసి మార్కులు తెచ్చుకో తల్లీ. అవి నగరాల లక్షణాలు. మీ అవ్వను కొలిచే మానిక అది కాదు." ఆమె నవ్వి, నోటుబుక్కు ఇంకొకటి కావాలని అడిగింది.