జోస్యం ఎవరి కోసం? తిరుమల దారి నుంచి దానియేలు గ్రంథం దాకా

2021 డిసెంబర్ 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు జారిపడ్డాయి, గుర్తుందా? అంతకుముందు, 2020 మార్చిలో, కరోనా వల్ల కొండ మీద భక్తుల దర్శనాలు ఆపేశారు. ఇలా ఏది జరిగినా మన ఫోన్లలో ఒకటే ఫార్వర్డ్: తిరుమల దారి మూసుకుపోతుందని బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ఎప్పుడో చెప్పారట!

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేను చరిత్ర వైపు నుంచి ఒక్క ప్రశ్నే అడుగుతా. జోస్యం మొదట విన్నవాళ్లు ఎవరు?

ఇది తేలిగ్గా అర్థం కావాలంటే బైబిల్లో దానియేలు గ్రంథం 11వ అధ్యాయం చూడాలి. నిండా యుద్ధాలు, కుట్రలే. ఉత్తర రాజు, దక్షిణ రాజు కొట్టుకుంటూ ఉంటారు. ఉత్తర రాజంటే ఇవాళ్టి రష్యా అని చెప్పేవాళ్లూ ఉన్నారు. చరిత్రకారులు మాత్రం సిరియా నుంచి ఏలిన సెల్యూకస్ వంశాన్ని, ఈజిప్టును ఏలిన టాలమీ వంశాన్ని చూపిస్తారు. మధ్యలో నలిగిపోయింది యెరూషలేము. క్రీ.పూ. 167లో నాలుగో అంతియొకస్ యూదుల ఆరాధనను నిషేధించి, వాళ్ల దేవాలయాన్ని అపవిత్రం చేశాడు. మక్కబీయులు తిరగబడ్డారు. క్రీ.పూ. 164లో ఆలయాన్ని మళ్లీ శుద్ధి చేసుకున్నారు.

ఇక్కడో విశేషం ఉంది. ఆ రాజుల కొట్లాటలన్నీ అధ్యాయంలో చరిత్రకు దగ్గరగా సరిపోతాయి. చివర్లో రాజు చావు దగ్గర మాత్రం తేడా వస్తుంది. గ్రంథం ప్రకారం అతని అంతం సముద్రానికీ పవిత్ర పర్వతానికీ మధ్య. నిజానికి అంతియొకస్ చనిపోయింది పర్షియా వైపు. అందుకే ఈ భాగం ఆ తిరుగుబాటు రోజుల్లోనే రాశారని చాలామంది పండితులు అంటారు. కాదు, బబులోను కాలపు దానియేలే ముందుగా చెప్పాడు, చివరి వచనాలు ఇంకా జరగాలి అని సంప్రదాయ విశ్వాసులు అంటారు.

ఎవరి మాట తీసుకున్నా, ఆ కష్టంలో ఉన్నవాళ్లకు ఈ మాటలు ఎలా వినిపించి ఉంటాయో ఆలోచించండి. నమ్మకం కోసం ప్రాణాలు పోతున్న రోజులవి. ఈ రాజు కూడా పోతాడు, నిలబడండి అనే ధైర్యం వాళ్లకు కావాలి.

ఇప్పుడు మన రాయలసీమకు రండి. కందిమల్లాయపల్లె బ్రహ్మంగారు 17వ శతాబ్దం వారని సంప్రదాయం. విజయనగరం కూలి, పాలకులు మారుతూ ఉన్న కాలం అది. ఆయన ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల కులస్థుడు. గురువుకు కులం, మతం అడ్డుకాలేదు. తర్వాత తిరుమల కూడా చేతులు మారింది. ఆర్కాటు నవాబు, కంపెనీ, 1843లో హథీరాంజీ మఠం, 1933లో టీటీడీ. ఏలినవాళ్లు ఎవరూ శాశ్వతం కాదనే మాట సామాన్యుడికి ఎంత ఊరటో చూడండి.

కాలజ్ఞానం నోటి మాటగా, తాళపత్రాలుగా, అచ్చు పుస్తకాలుగా రకరకాల పాఠాలతో మనదాకా వచ్చింది. కాబట్టి ఈసారి ఫార్వర్డ్ వస్తే, ఆ వాక్యం ఏ పుస్తకంలో ఉందో అడగండి. ప్రతి కొండచరియకూ సరిపోయే మాట ఏ ఒక్కదాన్నీ ముందే చెప్పినట్టు కాదు. ధైర్యం కోసం పుట్టిన మాటని భయం కోసం పంచడం, చెప్పినవాళ్లకే అన్యాయం.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.