కదిలే ఫోటో (లైవ్ ఫోటో, మోషన్ ఫోటో)

స్మార్ట్‌ఫోన్‌లో ఫోటో తీసిన క్షణానికి అటూ ఇటూ ఉన్న కదలికను, చప్పుడును కూడా పట్టి ఉంచే చిత్రం. ఆపిల్ 2015లో ఐఫోన్ 6ఎస్‌తో దీన్ని 'లైవ్ ఫోటో' పేరిట తెచ్చింది. నొక్కడానికి ముందు 1.5 సెకన్లు, తరవాత 1.5 సెకన్లు రికార్డవుతాయి. పైకి ఒకటిగా కనిపించినా ఉండేవి రెండు ఫైళ్లు: ఒక బొమ్మ, ఒక బుల్లి వీడియో. గూగుల్ పిక్సెల్ మోషన్ ఫోటోలో ఆ వీడియో జేపెగ్ ఫైలు చివర అంటించి ఉంటుంది.

చిక్కంతా అక్కడే. కొల్లిపర మండలం మున్నంగి వైపు కృష్ణ ఒడ్డున గాలికి ఊగే అరటాకుల్ని తీసి, వేరే రకం ఫోనున్న చుట్టానికి పంపితే తరచూ బొమ్మ చేరుతుంది, ఊపు చేరదు. వీడియోగా మార్చి పంపడమే నమ్మకమైన దారి. ఐఫోన్‌లో 2019 నాటి ఐఓఎస్ 13 నుంచి 'సేవ్ యాజ్ వీడియో' ఉంది. తలంబ్రాల ఫోటోలు నాలుగైదు కలిపి ఎంచుకుంటే ఒకే క్లిప్పుగా వస్తాయి. గూగుల్ ఫోటోస్‌లో 'ఎక్స్‌పోర్ట్' నొక్కి వీడియో ఎంచుకోవాలి. నాణ్యత మాత్రం ఫోటో అంత ఉండదు.

శబ్దమూ వెంట వెళ్తుంది. పంపేముందు ఒకసారి వినండి, వెనకాల ఎవరి మాటలు పడ్డాయో!