వంటింటి గోడ: ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో పాత ఇళ్లను బాగుచేయించే మధ్యతరగతి కుటుంబాలు కొన్ని నేడు వంటింటికీ ముందుగదికీ నడుమనున్న గోడను పడగొట్టిస్తున్నాయి. దీనిని స్త్రీ స్వేచ్ఛకు చిహ్నమనేవారూ ఉన్నారు. పాశ్చాత్య వ్యామోహమని తోసిపుచ్చేవారూ ఉన్నారు. ఆ గోడ ఎవరి కోసం లేచిందో విచారించనిదే అది పడిపోవడంలోని అర్థం బోధపడదు.

మన అగ్రవర్ణాల ఇళ్లలో వంటిల్లు మడికి నెలవు. ఊరవతల ఉంచిన మనిషి మాట అటుంచి, ఆ ఇంటి స్త్రీకే బహిష్టు రోజుల్లో అందులో ప్రవేశం లేదు. కూలివాని గుడిసెలో అటువంటి గోడ లేదు. పొయ్యీ పడకా ఒక్క చోటనే. దానిని ఎవరూ నాగరికత అనలేదు, దరిద్రమన్నారు.

యూరపులోనూ ధనికుల వంట సేవకుల చేతులమీదుగా నేలమాళిగల్లో సాగితే, కార్మిక కుటుంబాలు వండుకున్న గదిలోనే బతికాయి. 1926లో ఫ్రాంక్‌ఫర్టు నగరపాలకులు తలపెట్టిన ఇళ్ల కోసం ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ రైలు వంటపెట్టెను చూసి, 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల వంటగదిని రూపొందించారు. గృహిణి వేసే ప్రతి అడుగునూ లెక్కించి శ్రమ తగ్గించాలన్నది ఆమె ఆశయం. సుమారు 10,000 ఇళ్లలో దానిని అమర్చారు. నాజీలను ప్రతిఘటించి 1941 నుంచి 1945 వరకు చెర అనుభవించిన ఆ కమ్యూనిస్టు చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. అయినా ఒక్క మనిషికే చోటున్న ఆ గది, వంట ఒక్కరి పనేనన్న భావాన్ని గట్టిపరచింది.

అమెరికాలో గోడ తొలగడానికి కారణం వేరు. మాడిసన్‌లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపకల్పనతో 5,500 డాలర్ల ఖర్చులో 1937లో పూర్తయిన జేకబ్స్ గృహంలో వంటచోటు నివాసపు గదిలోకే తెరుచుకుంటుంది. పనిమనుషులు లేని కుటుంబానికి కట్టిన ఇల్లది. వండేదీ కడిగేదీ ఇల్లాలే అయినప్పుడు పనిని దాచవలసిన అవసరం తీరిపోయింది. గోడను కదిలించింది ఆదర్శంకన్నా ఆర్థిక పరిస్థితి.

మన నగరాల్లో పనిమనిషి మాయం కాలేదు. కనుక గోడ కూడా మాయం కాలేదు, వెనక్కి జరిగింది. ముందు నిగనిగలాడే రాతిబల్ల. వెనుక ‘యుటిలిటీ’ అనే ఇరుకు చోటు. అంట్లు అక్కడ, తోమే మనిషీ అక్కడే. ఇక ఇంటివారి సంగతి చూద్దాం. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. పైగా ఆ పనిలో ఏ కొంచెమైనా చేయి పెట్టిన పురుషులు నూటికి 26 మందే.

గోడ పడినచోట వండే మనిషి నలుగురికీ కనిపిస్తుంది. అంతమేరకు అది మేలే. కాని ఇంటి పటం గీసేముందు అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఆ పొయ్యి దగ్గర వంతులవారీగా ఎవరెవరు నిలబడతారు? వెనుకచోట పనిచేసే మనిషికి గాలీ వెలుతురూ ఎంత, జీతమెంత? వీటికి జవాబు తాపీమేస్త్రీ చెప్పలేడు. ఆ ఇంట్లో తినేవారే చెప్పాలి.