హిమాలయాల మంచు, మన సీమ చలికాలం

మన తెలుగులో మంచు అన్న మాట ఒక్కటే. తెల్లవారుజామున పెరట్లో తులసి ఆకు మీద నిలిచే నీటిబొట్టూ మంచే, హిమాలయాలలో ఇళ్ళ కప్పులు మునిగేటట్టు కురిసేదీ మంచే. ఆ మంచుకూ మన వంటింటి గింజకూ సంబంధం ఏమిటి అంటారా? ఉంది. ఒక కరువు పుణ్యమా అని అది బయటపడింది. ఆ కరువు మనకు దూరాన ఎక్కడో వచ్చింది కాదు, మన బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను ఊడ్చిపెట్టిన కరువే. ఆ సంగతి చెబుతాను.

ముందు మన చలికాలం చూద్దాం. పట్నంలో ఉండే మనకు చలికాలమంటే పెట్టె అడుగు నుంచి శాలువాలు తీయడం, పెరుగు తోడుకోకపోవడం, కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టడం. అంతే కదూ? అదే ప్రశ్న గుమ్మఘట్ట వైపు వెళ్ళి అడగండి, వేరే జవాబు వస్తుంది. గుమ్మఘట్ట అనంతపురం జిల్లాలో రాయదుర్గానికి దగ్గర, కర్ణాటక సరిహద్దున ఉన్న మండలం. వేదవతి నది అక్కడి నుంచే పోతుంది. ఆ నదినే హగరి అని కూడా అంటారు. భైరవానితిప్ప డ్యాం కట్టింది ఆ మండలంలోనే. నేల సముద్రమట్టానికి ఇంచుమించు 500 మీటర్ల ఎత్తు. మధ్యమధ్య బండరాళ్ళ గుట్టలు. రాయదుర్గం కోట ఉన్న కొండ అయితే 2,700 అడుగులు దాటుతుంది. గాలిలో తడి తక్కువ, ఆకాశం నిర్మలం. కనుక పగటి వేడి రాత్రయ్యేసరికి ఇట్టే పైకి పోతుంది. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున కంబళి కావాలి. కురుబలు గొర్రెబొచ్చు వడికి నేసే ముతక కంబళి ఆ సీమలో ఊరికే పుట్టలేదు.

అయితే అక్కడివాళ్ళు చలికాలాన్ని చలితో కొలవరు, హింగారితో కొలుస్తారు. ముంగారి, హింగారి అని రెండు మాటలున్నాయి వాళ్ళకు. ముంగారి అంటే ముందు వానల పంట. హింగారి అంటే వెనక వానల పంట. బళ్ళారి సీమ మాటలివి, కన్నడమూ తెలుగూ కలిసి కాపురం చేసే చోటు కదా! నల్లరేగడి చేలలో ఆశ్వయుజ, కార్తికాల వానకు జొన్న, శనగ, కుసుమ, ధనియాలు చల్లుతారు. తరువాత వాన ఉండదు. నేలలో దిగిన తడి, పైన పడే మంచు, ఈ రెండింటితోనే పైరు గట్టెక్కాలి. మనం పండక్కి వేయించే శనగపప్పు, రసం పొడికి దంచే ధనియాలు అలా చలిలో పెరిగిన సరుకే.

శనగచేను మీది మంచు గురించి ఒక ముచ్చట. శనగ ఆకు మీద పుల్లని రసం ఊరుతుంది. దక్కను పల్లెల్లో రాత్రిపూట పైరు మీద పలుచని గుడ్డ పరిచి, తెల్లవారి మంచుతో తడిసిన గుడ్డను పిండేవారు. ఆ పులుపును అజీర్ణానికి మందుగా దాచుకునేవారు. నిమ్మకాయ దొరకని చోట ఆడవాళ్ళ తెలివి చూడండి!

మరి ఆ సీమకు వాన ఎందుకంత కరువు? కొండలే కారణం. నైరుతి మేఘాలు అరేబియా సముద్రం మీదుగా వచ్చి పడమటి కనుమలను ఢీకొని అక్కడే కుమ్మరిస్తాయి. కనుమల మీది ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఆ కొండ దిగి మనవైపు వచ్చేసరికి మేఘం ఖాళీ బిందె. పాత అనంతపురం జిల్లా సగటు ఏడాదికి 550 మిల్లీమీటర్లే. అందులో నైరుతి ఇచ్చేది 340 దాకా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం ఇచ్చేది 155 దాకా. ఈశాన్యపు వానదీ అదే కథ. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం నెల్లూరు తీరం దాటి, వెలికొండ, నల్లమలల మీదుగా అంతదూరం వచ్చేసరికి నీరసించి ముసురుగా మిగులుతుంది. ఆ ముసురే హింగారికి ప్రాణం. అది కూడా రాకపోతే?

1876లో రాలేదు. ధాత నామ సంవత్సరం. పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకున్నది దీన్నే. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882లో గాని ఏర్పడలేదు. రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలోది, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మనకు కలిసింది. ఆ ఏడు నైరుతి ఎగ్గొట్టింది. సరే, ఈశాన్యం ఉంది కదా అని రైతు ఎదురుచూశాడు. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. హింగారి విత్తనానికి తడి లేదు. గడ్డి లేక ఎద్దులు చచ్చాయి. ఎద్దులు చస్తే బండి లేదు. మద్రాసు నుంచి బొంబాయికి రైలుదారి 1871 నాటికే పూర్తయింది గనుక స్టేషన్లకు ధాన్యం వచ్చింది. కాని స్టేషన్ నుంచి పల్లెకు చేర్చేదెవరు?

అలా మొదలయింది ఆ చలికాలం. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ మహాదర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు కూడా ఆ వేడుకకు వెళ్ళవలసి వచ్చింది. ఇక్కడ బళ్ళారి సీమలో కరువు పనుల దగ్గర జనం మట్టి మోస్తున్నారు, కంకర కొడుతున్నారు. వాళ్ళలో చంటిపిల్లల తల్లులెందరో!

ఆ జనవరిలోనే లిట్టన్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని ఖర్చు తగ్గించమని దక్షిణాదికి పంపాడు. ఈ టెంపుల్ 1874లో బీహారు కరువుకు బర్మా బియ్యం తెప్పించి వేలాది ప్రాణాలు కాపాడినవాడే. అప్పుడు ఖజానా ఖాళీ చేశావని పైవాళ్ళు చీవాట్లు పెట్టారు. ఆ మచ్చ పోగొట్టుకోవాలనుకున్నాడో ఏమో, ఈసారి గింజలు లెక్కపెట్టాడు. పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునన్నాడు. టెంపుల్ కూలి అని దానికి పేరే పడిపోయింది.

ఒక పౌను అంటే 450 గ్రాములు, అర కిలోకు కూడా తక్కువ. ఒకసారి మీ డబ్బాలో నుంచి తీసి చేటలో పోసి చూడండి. ఇంట్లో కూర్చున్నవాళ్ళకయితే, పక్కన పప్పు, కూర, మజ్జిగ ఉంటే, ఒక మనిషికి సరిపోయినట్టే కనబడుతుంది. కాని ఆ మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మట్టితట్ట మోయాలి. ఉప్పు, మిరపకాయ, కట్టెలు ఆ అణాలోనే రావాలి. పైగా చలికాలం. కడుపు నిండని ఒంట్లో వేడి పుట్టదు. ఎంత కంబళి కప్పినా లోపలి నుంచే వణుకు. ఆ కంబళి కూడా అప్పటికి ఎంతమందికి మిగిలి ఉంటుంది? వెండి కడియాలు, దండకడాలు ముందే పోయాయి. కరువు సీమల నుంచి పోయిన వెండి నగలు బొంబాయి టంకశాలలో కుప్పలుగా కరిగాయి. తరువాత ఇత్తడి బిందె, ఆ తరువాత కప్పుకునే గుడ్డ. సంసారం ఏ వరసలో కరుగుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

మద్రాసులో పారిశుద్ధ్య కమిషనరు విలియం కార్నిష్ అనే వైద్యుడు ఈ కూలి మీద గట్టిగా పోట్లాడాడు. జైలు ఖైదీకి పెట్టే తిండికన్నా ఇది తక్కువ, దీంతో పనిచేసేవాడు మెల్లగా చస్తాడు అని వాదించాడు. కలరా కూడా తోడయింది. కొంతకాలానికి గాని కూలి పెంచలేదు. 1877 నైరుతీ సరిగా రాలేదు. అప్పటి లెక్కలు చూస్తే గుండె ఆగుతుంది. తరువాత అనంతపురం జిల్లా అయిన భాగంలో 1871 జనాభా లెక్కలలో ఉన్నవారు 7,41,255 మంది, 1881 నాటికి మిగిలినవారు 5,99,889. పదేళ్ళలో పెరగవలసింది పోయి అయిదో వంతు తరిగిపోయారు. కొందరు వలసపోయి ఉంటారు, నిజమే. వలసపోయినవాళ్ళందరూ తిరిగి రాలేదంటే అర్థమేమిటి?

ఇక హిమాలయాల మాట. దేశానికంతటికీ ఒక వాతావరణ శాఖ 1875లోనే ఏర్పడింది. దాని అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్, కలకత్తాలో ఉండేవాడు. కరువు గడిచాక ప్రభుత్వం ఆయనను అడిగింది: వాన వచ్చేదీ రానిదీ ముందుగా చెప్పగలవా అని. ఆయన పాత లెక్కలు తిరగేశాడు. 1877లో చలికాలం చివర, వసంతంలో, వాయవ్య హిమాలయాలలో మంచు మామూలుకన్నా బాగా ఎక్కువ, ఆలస్యంగా పడింది. ఆ ఏడు వాన తప్పింది. మరికొన్ని ఏళ్ళు పోల్చి చూసి, 1884లో లండను రాయల్ సొసైటీకి వ్యాసం రాశాడు: కొండల మీద మంచు ఎక్కువయితే మైదానాలకు పొడిగాలులు, వాన లోటు అని.

ఇందులో కిటుకు మనకు తెలియనిది కాదు. తడి పెనాన్ని పొయ్యి మీద పెడితే ఏమవుతుంది? ముందు మంటంతా తడి ఆర్చడానికే సరిపోతుంది, పెనం కాలేది ఆ తరువాత. కొండల మీద మంచు దట్టంగా ఉంటే ఎండలో కొంత తెల్లదనానికి తగిలి వెనక్కు పోతుంది, మిగిలింది మంచు కరిగించడానికి ఖర్చవుతుంది. నేల ఆలస్యంగా వేడెక్కుతుంది. నేల వేడెక్కితేనే కదా సముద్రం మీది గాలిని లాగేది! ఆ లాగుడు తగ్గితే మన నైరుతి మెత్తబడుతుంది. అంటే మాఘ ఫాల్గుణాల్లో కొండల మీద కురిసిన మంచును కొలిచి, ఆషాఢంలో రాయదుర్గం చేనుకు వాన ఉందా లేదా చెప్పాలని చూశారన్నమాట. 1886లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానకు మొట్టమొదటి అధికారిక జోస్యం వెలువడింది.

ఎప్పుడూ ఫలించిందా? లేదు. బ్లాన్‌ఫర్డ్ తరువాత వచ్చిన జాన్ ఇలియట్ 1899లో మంచి వానలన్నాడు, దేశం మరో మహాకరువులో పడింది. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ అసలు గణితశాస్త్రజ్ఞుడు. మంచు ఒక్కటే చాలదని ప్రపంచం నలుమూలల నుంచి గాలి ఒత్తిడి లెక్కలు తెప్పించాడు. పసిఫిక్ సముద్రానికి ఒక వైపు ఒత్తిడి పెరిగితే రెండో వైపు తగ్గుతుంది, మన వాన ఆ ఊగుడుతో ముడిపడి ఉంది అని తేల్చాడు. ఇప్పుడు పేపర్లలో ఎల్‌నినో అని చదువుతున్నాం చూడండి, అది ఆ ఊగుడుకు తోబుట్టువే. 1877లో పసిఫిక్‌లో చాలా బలమైన ఎల్‌నినో ఉందని తరువాతి శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. పాపం బ్లాన్‌ఫర్డ్‌కు కొండ కనబడింది, సముద్రం కనబడలేదు. అయినా మొదటి కొస పట్టుకున్నది ఆయనే.

కరువు పనుల సంగతి కూడా మారింది. 1880 నాటి కరువు కమిషను నివేదిక మీద 1883లో కరువు నిబంధనావళి తయారయింది. కూలి ఎంత, తిండి ఎంత, పనిచేయలేనివాళ్ళకు ఏమి పెట్టాలి అన్నవి ముందే రాసిపెట్టారు. 1877లో మట్టి మోసిన తల్లులకు మాత్రం అది అందలేదు.

వేదవతి మీద ఎగువన హిరియూరు దగ్గర మైసూరు సంస్థానం 1907 నాటికి వాణీవిలాస సాగరం కట్టింది. అది 1933లో ఒకసారి నిండి పొర్లింది. మళ్ళీ పొర్లడానికి 2022 దాకా, 89 ఏళ్ళు పట్టింది. దిగువన ఉన్న భైరవానితిప్పకు ఏటిలో నీరు రావడం ఎంత అరుదో దీన్నిబట్టి ఊహించుకోండి. డ్యాం ఉన్నా చాలా ఏళ్ళు గుమ్మఘట్ట చేలకు దిక్కు ఆకాశమే. ఇప్పుడు వాతావరణ శాఖ నైరుతికే కాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణాది వానకు కూడా వేరే అంచనా ఇస్తోంది. సెప్టెంబరు ఆఖరుకు అది వార్తలలో వస్తుంది. శనగ విత్తనం కొనాలా వద్దా అని రేగడి రైతు ఆలోచించేది సరిగ్గా ఆ రోజుల్లోనే.